ఆఫ్రికా కంది: ముందే రాసుకున్న ఒప్పందమా, హద్దు లేని దిగుమతా?

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు తెలుగు రైతులకు ఆఫ్రికాతో మన దేశం నడిపే దౌత్యం కంది ధరలోనే కనిపిస్తుంది. సోయా సాళ్ల మధ్య వేసిన కందిని కల్లంలో ఆరబెట్టి అడత్ (కమీషన్ వ్యాపారి) దుకాణానికి తీసుకెళ్తే, అక్కడ ముందు చూసేది ఫోన్‌లో లాతూర్ కంది మార్కెట్ రేటు. ఆ రేటును మొజాంబిక్, టాంజానియా, మలావీ కందులు కూడా కదిలిస్తాయి.

కేంద్రం ముందున్న దారులు రెండు. ఒకటి, ఏటా ఎంత కొంటామో ముందే రాసుకోవడం. 2016లో మొజాంబిక్‌తో కుదిరిన ఒప్పందం లక్ష టన్నులతో మొదలై రెండు లక్షలకు చేరింది. 2021లో మలావీతో 50 వేల టన్నులకు రాసుకున్నారు. రెండోది, ఎవరు ఎంతైనా తెచ్చుకోవచ్చనడం. 2021 మేలో దిగుమతి పరిమితి ఎత్తేసి, ఆ తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చారు.

నా ఓటు ఒప్పందానికే. ఆఫ్రికా కంది ఎక్కువగా సెప్టెంబరు, నవంబరు మధ్య మన రేవులకు వస్తుంది. అప్పటికి మన పాత కంది అడుగంటుతుంది, కొత్తది ఇంకా చేలోనే ఉంటుంది. పప్పు కొనుక్కునే ఇళ్లకు ఆ సరుకు కావాల్సిందే, మా ఊళ్లలో కూలికెళ్లే ఇళ్లకు కూడా. ఎంత వస్తుందో ముందే తెలిస్తే, జూన్‌లో కందికి ఎన్ని సాళ్లు వదలాలో మేం లెక్క వేసుకోగలం. హద్దు లేకపోతే మా కోతల వేళకు కూడా గోదాముల్లో బయటి సరుకు ఉంటుంది. 2024-25 పంటకు మద్దతు ధర క్వింటాలుకు 7,550 రూపాయలు. కోతలయ్యాక చాలా మార్కెట్లలో అంత పలకలేదు.

అవతలి రైతుకూ ఇదే మేలు. మొజాంబిక్‌లో కంది పండేది ప్రధానంగా మన కోసమే. 2017 ఆగస్టులో మనం ఉన్నట్టుండి రెండు లక్షల టన్నుల పరిమితి పెడితే అక్కడి చిన్న రైతుల దగ్గర ధర కుప్పకూలింది. ఒప్పందం కింద వచ్చే సరుకుకు మాత్రం ఆ పరిమితి వర్తించలేదు.

ఒప్పందంలోనూ లోటు లేకపోలేదు. 2023 చివర్లో ఎగుమతిదారుల తగాదాతో మొజాంబిక్ రేవుల్లో మన కోసం రావాల్సిన కంది ఆగిపోయింది. అందుకే ఒక్క దేశం మీద ఆధారపడకుండా టాంజానియాతోనూ రాసుకోవాలి. సరుకు నవంబరు చివరికల్లా దిగాలని అందులోనే షరతు పెట్టాలి. ఆ లెక్క విత్తనాలు వేయకముందే, మే నెలలోనే, అందరికీ ప్రకటించాలి.