అదే డబ్బా, వేరే పొడి

పాల నుంచి తీసే వే ప్రొటీన్ పొడి గురించి రాసేవాళ్లు చాలామంది స్కూపుకి ఎన్ని గ్రాములు అన్న దగ్గరే ఆగిపోతారు. చాన్నాళ్లుగా వాడుతున్నాను కాబట్టి నేను మాత్రం అది నీళ్లలో కలిసే తీరు గురించే రాస్తాను. రోజూ తాగాల్సిన పొడి కలవనే కలవకపోతే ఎన్ని గ్రాములుంటే ఏం లాభం?

నాది ఏ ఫ్లేవరూ లేని 80 శాతం కాన్సన్‌ట్రేట్, అంటే పొడిలో 80 శాతం ప్రొటీన్ ఉండే రకం. మొదట్లో దీన్ని తెగ మెచ్చుకున్నాను. చల్లటి నీళ్లలో వేసి చెంచాతో తిప్పితే చాలు, గ్లాసు అడుగున రవ్వంత కూడా మిగిలేది కాదు.

తర్వాత అదే కంపెనీ డబ్బా మళ్లీ కొన్నాను. ఈసారి పొడి నీళ్ల మీద తెట్టులా తేలింది. చెంచాతో నొక్కితే ఉండలు కట్టింది. ఓ ఉండని చిదిమి చూస్తే లోపల పొడిపొడిగానే ఉంది, చుక్క నీరు దిగలేదు. షేకర్‌లో గట్టిగా ఊపితే ఉండలు విరిగాయి గానీ సగం గ్లాసు నురగే. బాగా వేడి నీళ్లలో మరీ అధ్వాన్నం. పొద్దున్నే పనికి బయల్దేరే హడావిడిలో నురగ అణిగేదాకా నిలబడాలంటే ఎంత చిరాకో! కస్టమర్ కేర్‌కి రాస్తే బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా మామూలే అన్నారు. రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి పదార్థాల జాబితా చదివాక గానీ సంగతి తేలలేదు. పొడి నీళ్లలో తేలిగ్గా కలవడానికి వేసే సన్‌ఫ్లవర్ లెసిథిన్ పాతదానిలో ఉంది, కొత్తదానిలో లేదు. డబ్బా ముందువైపు ఆ మార్పు గురించి ఒక్క ముక్క లేదు. నా కోపమంతా అందుకే.

అంత చిన్న పదార్థానికి అంత పనేమిటంటే, తయారీలోనే ఉంది కారణం. చీజ్ కోసం పాలను విరగ్గొడితే కేసీన్ అనే ప్రొటీన్ గడ్డకడుతుంది, మిగిలిన లేత పసుపు తేటే వే. పాలలోని ప్రొటీన్‌లో దాదాపు 20 శాతం ఇందులోకి వస్తుంది. అయినా తేటలో 90 శాతానికి పైగా నీళ్లే, ప్రొటీన్ 1 శాతం కూడా ఉండదు. దాన్ని పాశ్చరైజ్ చేసి, కొవ్వు తీసి, అల్ట్రాఫిల్ట్రేషన్ పొరల మీదుగా పంపుతారు. నీళ్లు, లాక్టోజ్ అనే పాల చక్కెర, లవణాలు సన్న రంధ్రాల్లోంచి జారిపోతాయి. ప్రొటీన్ అణువులు పెద్దవి కాబట్టి ఇవతలే ఆగుతాయి. 80 శాతానికి చేరాలంటే మధ్యలో నీళ్లు పోసి లాక్టోజ్‌ను ఇంకా కడిగేయాలి. చివర్లో స్ప్రే డ్రయ్యర్ వేడిగాలిలోకి చిమ్మితే పొడి రాలుతుంది. ఎంత తీసినా కాస్త కొవ్వు మిగిలి, ఎండేటప్పుడు రేణువుల పైకి చేరుతుంది. అది నీటిని తొందరగా లోపలికి రానివ్వదు. లెసిథిన్ అణువు ఒక కొసన కొవ్వును, ఇంకో కొసన నీటిని పట్టుకుంటుంది, కాబట్టి రేణువులకు లెసిథిన్ పూత ఉంటే పొడి వెంటనే తడుస్తుంది. వేడి నీళ్లలో ఇబ్బంది వేరు. 70 డిగ్రీలు దాటితే ఈ ప్రొటీన్లు విప్పుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఉండ ఇంకా గట్టిపడుతుంది.

పోషకాల విషయంలో ఫిర్యాదు లేదు. లెసిథిన్ లేనంత మాత్రాన ప్రొటీన్ తగ్గదు. శరీరం తయారుచేసుకోలేని 9 అమైనో ఆమ్లాలూ ఉన్నాయి. వాటిలో కండ కట్టే పనికి ఊపునిచ్చే ల్యూసిన్ ఈ ప్రొటీన్‌లో దాదాపు పదో వంతు. అయితే వ్యాయామం లేకుండా పొడి ఒక్కటే తాగితే కండ రాదు.

కడుపుకి తేలిక అని కూడా అందరికీ చెబుతుండేదాన్ని. నాకైతే తేలికే, పాలు బాగానే పడతాయి కాబట్టి. 80 శాతం రకంలోనూ లాక్టోజ్ కొంత ఉంటుంది, 35 శాతం రకంలో అయితే సుమారు సగం అదే. లాక్టోజ్ పడనివాళ్లకు దాన్ని దాదాపుగా తీసేసిన ఐసోలేట్ రకం నయం. పాల ప్రొటీన్‌కే అలర్జీ ఉన్నవాళ్లు రెండింటి జోలికీ పోకూడదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు ముందు రెండు చెంచాల నీళ్లతో ముద్ద చేసి, తర్వాత మిగతా నీళ్లు కొద్దికొద్దిగా పోస్తున్నాను. ఉండలు చాలావరకు తగ్గాయి, నురగ మాత్రం అలాగే ఉంది. బ్లెండర్ వాడేవాళ్లకి ఈ గొడవంతా పట్టకపోవచ్చు. గుడ్లు, మాంసం, పప్పు సరిపడా తినేవాళ్లకి ఈ పొడే అక్కర్లేకపోవచ్చు. నాకు పొద్దున పూట తిండి సహించదు, అందుకే మానలేదు. ఈ డబ్బా అయ్యాక లెసిథిన్ ఉన్నదే చూసి కొంటాను, ఇంకో కంపెనీదైనా సరే.