పాత మారుతి 800కి ఏ స్పార్క్ ప్లగ్గులు మంచివి? మామూలువి, ఇరిడియం రెండూ ఏండ్ల తరబడి వాడినంక నా మాట

నాది 1998 మోడల్ మారుతి 800, కార్బొరేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజన్‌కు ఇచ్చే పాత తరం సామాను) బండి, ఏపీ 24 నంబర్. ఎక్కువ నల్లగొండ టౌన్‌లోనే తిరుగుతది, పని బడితే మిర్యాలగూడ, సూర్యాపేట, ఏడాదికి కొన్నిసార్లు దేవరకొండ మీదికెళ్ళి డిండి, అక్కడి నుంచి మన్ననూరు ఘాట్ ఎక్కి శ్రీశైలం. ఈ బండిలో మైకో ప్లగ్గులు వాడిన, ఎన్‌జీకే వాడిన, డెన్సో ఇరిడియం (కొన ఇరిడియం లోహంతోని ఉండేది) వాడిన, ఇప్పుడు మళ్ళీ మామూలు నికెల్ ప్లగ్గులకే వచ్చిన. పాత బండి ఉన్నోళ్ళు చానామంది నన్ను ఇదే అడుగుతరు, ఇరిడియం వేస్తే బండి కొత్తదాని లెక్క అయితదా అని. కాదు. మాన్యువల్‌లో రాసిన నంబర్ మామూలు ప్లగ్గు, అసలుది, టైముకు మార్చుకుంటా పోతే పాత బండికి అంతకంటే మంచిది లేదు. ఎందుకో వివరంగా రాస్తున్న.

ముందు నంబర్ సంగతి, ఎందుకంటే కొనేటప్పుడు గడబిడ అయ్యేది ఇక్కడే. ఎన్‌జీకేలో బీపీఆర్6ఈఎస్ అని ఒకటి ఉంటది, ఉదాహరణకు దాన్నే తీసుకుందాం. బీ అంటే చూడీ (బిగించే మర) వెడల్పు 14 మిల్లీమీటర్లు, పీ అంటే పింగాణీ ముక్కు బయటికి పొడుచుకొచ్చి ఉంటది, ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉన్నది, 6 అంటే హీట్ రేంజ్ (ప్లగ్గు వేడిని ఎంత తొందరగ దింపుతదో చెప్పే అంకె), ఈ అంటే చూడీ పొడవు 19 మిల్లీమీటర్లు. అదే జాగాలో హెచ్ ఉంటే పొడవు 12.7 మాత్రమే. ఒక షాపులో నాకు హెచ్ ఉన్న ప్లగ్గులు చేతిలో పెట్టి అన్నీ ఒకటే అన్నా, పెట్టుకోండి అన్నడు. ఒకటే ఎట్లయితది? పొట్టి ప్లగ్గు పెడితే కరెంటు కొట్టే కొన హెడ్డు (ఇంజన్ పై భాగం) లోపలి దాకా పోదు, మంట సరిగ్గ అంటుకోదు, ఖాళీగా మిగిలిన చూడీలలో కార్బన్ పేరుకుంటది, రేపు సరైన ప్లగ్గు పెడదామంటే ఆ కార్బన్‌కు పట్టుకొని చూడీలే పోతయి. పొట్టి హెడ్డుకు పొడుగు ప్లగ్గు పెడితే ఇంకా డేంజర్, పిస్టన్‌కే తగలొచ్చు. ఆ ప్లగ్గులు కౌంటర్ మీదనే పెట్టి వచ్చేసిన.

ఇంకొక తిరకాసు హీట్ రేంజ్ అంకె. ఎన్‌జీకే, డెన్సోలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, బాష్, ఛాంపియన్‌లో అంకె పెరిగితే వేడిది, అంటే పూర్తిగా ఉల్టా. అందుకే ఎన్‌జీకేలో 6 ఉంది కదా అని బాష్‌లో కూడా 6 అడగొద్దు. బీపీఆర్6ఈఎస్‌కు జోడీ బాష్‌లో డబ్ల్యూఆర్7డీసీ, డెన్సోలో డబ్ల్యూ20ఈపీఆర్-యూ. మైకో కంపెనీ 2008లో పేరు మార్చుకొని బాష్ అయింది గానీ మా దిక్కు పాత షాపులల్ల ఇప్పటికీ మైకో ప్లగ్గు అనే అడుగుతరు, అట్ల అడిగినా బాషే ఇస్తరు, నంబర్ మాత్రం డబ్బా మీద మీరే చదువుకోవాలె. మీ బండికి ఏ నంబర్ అని నన్ను అడిగితే మాన్యువల్ చూడమనే చెప్త, ఎందుకంటే 800లోనే కార్బొరేటర్ బండి వేరు, తర్వాత వచ్చిన, కంప్యూటర్ లెక్కతోని పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ బండి వేరు.

మా నల్లగొండ ఎండలు తెలుసు కదా, మే నెలలో 44, 45 డిగ్రీలు పోతది. అందుకని ఎండాకాలం ఒక నంబర్ చల్ల ప్లగ్గు వేసుకోమని చెప్పేటోళ్ళు ఉన్నరు. చూద్దామని నేను ఒక ఎండాకాలం వేసి నడిపిన. టౌన్‌లో గడియారం సెంటర్ నుంచి బస్టాండ్ దాకా, బస్టాండ్ నుంచి ఇంటి దాకా చిన్న చిన్న తిరుగుళ్ళే ఎక్కువ కాబట్టి ముక్కు మొత్తం నల్లగ మసి పట్టింది, పొద్దున చోక్ (చల్ల ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువిచ్చే మీట) లాగినా రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టాల్సి వచ్చింది. దీని లెక్క ఇట్లుంటది: ప్లగ్గు ముక్కు సుమారు 450 డిగ్రీలు దాటితేనే దాని మీది కార్బన్ అదే కాలిపోతది, 800 దాటితే అది ఎర్రగా కాగి కరెంటు రాకముందే పెట్రోలును అంటిస్తది, ఇంజన్ నాక్ కొడతది, పిస్టన్‌కు దెబ్బ. ప్లగ్గు ఈ రెంటి నడుమ ఉండాలె. లోపల అంత వేడి నడిచేటప్పుడు బయట 30 ఉందా 45 ఉందా అనేది ప్లగ్గుకు పెద్ద లెక్కలోకి రాదు. చల్ల ప్లగ్గు అంటే ముక్కు పొట్టిగ ఉండి వేడిని హెడ్డులోకి తొందరగ దింపుతది, అంతే, ఎండకు దానికి సంబంధం లేదు. ఎండకు బండి వేడెక్కుతుందంటే రేడియేటర్, కూలెంట్, ఫ్యాన్ చూపించుకోవాలె గానీ ప్లగ్గు నంబర్ మార్చొద్దు.

ఇప్పుడు ఇరిడియం. డెన్సో ఇరిడియం పవర్ అని నడిమి కొన 0.4 మిల్లీమీటర్ల సన్నగ ఉంటది, మామూలు నికెల్ ప్లగ్గుకు అదే కొన రెండున్నర మిల్లీమీటర్ల లావు. కొన సన్నగ ఉంటే తక్కువ వోల్టేజీకే కరెంటు దూకుతది, మంట మొదట్లోనే మంచిగ పాకుతది. ఇరిడియం 2,446 డిగ్రీలకు గానీ కరగదు, నికెల్ 1,455కే కరుగుతది, అందుకే ఇంత సన్న కొన నిలబడతది. ఇవన్నీ నిజమే, నేను కాదంటలేను. వేసిన కొత్తల స్లో (బండి నిలబడ్డప్పుడు ఇంజన్ నడక) చానా స్మూత్ అయింది, చలికాలం పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, మన్ననూరు ఘాట్‌లో సెకండ్ గేరులో లాగుతుంటే పికప్ కొంచెం బాగున్నట్టే ఉండె. మైలేజ్ మాత్రం నేను బంకు చీటీలు పెట్టుకొని చూసినా పట్టుకునేంత తేడా రాలేదు.

కథ అక్కడ అయిపోలేదు. నా బండి పాతది, వాల్వ్ సీళ్ళు (సిలిండర్‌లోకి ఆయిల్ దిగకుండ ఆపేవి) అప్పటికే అరిగి కొంచెం ఆయిల్ తాగుతుండె. మూడు ప్లగ్గులు తీసి వరుసతోని పేపర్ మీద పెడితే మొదటి రెండు గోధుమ రంగు, మూడోది నూనె తడి, పింగాణీ మీద నల్లటి పొర, కొన చుట్టూ గట్టిపడిన బూడిద. కొన ఇరిడియం అయినా పింగాణీ పింగాణీయే కదా, దాని మీద ఆయిల్ కార్బన్ పడితే కరెంటు కొన నుంచి దూకకుండ పింగాణీ మీదికెళ్ళి హెడ్డులోకి జారిపోతది. బండి మిస్సింగ్ మొదలు పెట్టింది, మూడు సిలిండర్ల బండిలో ఒక్కటి మిస్ అయితే మూడో వంతు దమ్ము పోయినట్టే, స్టీరింగ్ దాకా వణుకుతది. మామూలు ప్లగ్గు అయితే వైర్ బ్రష్‌తోని రుద్ది మళ్ళ పెట్టుకోవచ్చు, ఇరిడియం కొనను బ్రష్ పెట్టి రుద్దితే అంత సన్న కొన విరుగుతది, కంపెనీ వాళ్ళే వద్దంటరు. అట్ల ఇంకా చానా జీవితం ఉన్న ప్లగ్గు పక్కన పడేయాల్సి వచ్చింది. ఇరిడియం ఒక్కటి కొనే పైసలకు మామూలువి మూడూ వచ్చి ఇంకా మిగులుతయి.

ఇంకొకటి, ఇరిడియం అంటే లక్ష కిలోమీటర్లు అని అందరూ అంటరు. ఆ లక్ష మాట కొత్త బండ్లలో కంపెనీ నుంచే వచ్చే, పైన వంగి ఉండే పట్టీకి కూడా ప్లాటినం ముక్క అతికించిన ప్లగ్గులది. బయట పాత బండ్ల కోసం అమ్మే చానా ఇరిడియం ప్లగ్గులలో నడిమి కొన ఒక్కటే ఇరిడియం, పట్టీ మామూలు నికెలే, అది అరుగుతనే ఉంటది, కొనకు పట్టీకి నడుమ గ్యాప్ పెరుగుతనే ఉంటది. ఇది కొనే ముందు డబ్బా తీసి కళ్ళతోని చూసుకోండి, సన్నటి కొనకు ఎదురుగ పట్టీ మీద చిన్న ముక్క అతికించి ఉందా లేదా అని.

ఆయిల్ తాగని, కంప్రెషన్ మంచిగున్న ఇంజన్, ఎక్కువ హైవే మీద తిరిగే బండి అయితే ఇరిడియం వేసుకోండి, తప్పు లేదు, మాటిమాటికి తీసే పని ఉండదు. నా అసొంటి బండికి మాత్రం నికెల్ ప్లగ్గులు 15,000 కిలోమీటర్లకు మార్చుడే మేలు. మిగిలిన పైసలు ప్లగ్ వైర్ల మీద, కరెంటును ఒక్కొక్క ప్లగ్గుకు పంచే రోటర్, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద పెట్టండి. చానా పాత బండ్లలో ప్లగ్గు మీద పడే నింద అసలు వైర్లది. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి ఇంజన్ నడిపి చూడండి, వైర్ల మీద సన్నటి నీలం మెరుపులు కనబడితే ఏ ప్లగ్గు వేసినా లాభం లేదు, చెయ్యి మాత్రం పెట్టొద్దు. నా బండిలో వైర్లు మార్చినంక వచ్చిన తేడా ఇరిడియం వేసినప్పుడు వచ్చిన తేడా కంటే ఎక్కువ.

ప్లగ్గులు మార్చే పని లేకున్నా అప్పుడప్పుడు తీసి రంగు చూడాలె. లేత గోధుమ రంగు ఉంటే నిశ్చింత. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతుంది, లేకపోతే చోక్ పూర్తిగ వెనక్కి పోతలేదు, ఎయిర్ ఫిల్టర్ నిండింది. నూనె తడి ఉంటే సీళ్ళు, రింగులు. తెల్లగ సున్నం కొట్టినట్టు ఉంటే గాలి ఎక్కువ పెట్రోలు తక్కువ, అది అన్నిటికంటే జల్ది చూపించాల్సింది. 2023 నుంచి మన బంకులలో 20 శాతం ఇథనాల్ పెట్రోలు రావడం మొదలైంది కదా, ఆ తర్వాత నా ప్లగ్గుల రంగు మునుపటి కంటే లేతగ పడ్డది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటది, ఎంపీఎఫ్ఐ బండిలో సెన్సర్ ఉంటే కంప్యూటర్ దాన్ని చూసి పెట్రోలు కొంత పెంచుకుంటది, కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) ఎంత ఇస్తే అంతే. కార్బొరేటర్ పని తెలిసిన పాత మేస్త్రి దగ్గర సెట్ చేయించినంక రంగు మళ్ళ దారికొచ్చింది. అట్లాంటి మేస్త్రీలు ఇప్పుడు తగ్గిపోతున్నరు, మీ ఊర్లో ఒక్కరున్నా ఆయన నంబర్ దాచుకోండి.

డూప్లికేట్ల గురించి చెప్పకుంటే ఈ రివ్యూ సగమే. డబ్బా చూసి నమ్మొద్దు, డబ్బాలు అచ్చం అట్లనే కొడుతున్నరు. ప్లగ్గు చేతిలోకి తీసుకొని వాషర్‌ను వేళ్ళతోని తిప్పి పైకి లాగండి, అసలు ప్లగ్గుకు అది ఊడి రాదు, దొంగ ప్లగ్గుకు చూడీ మీదికెళ్ళి జారి చేతిలో పడతది. నడిమి కొన, పైపట్టీ ఒకదాని కింద ఒకటి సూటిగ ఉన్నయా చూడండి. పింగాణీ మీద పేరు గోటితోని గీకితే పోవద్దు. ఆర్ ఉన్న ప్లగ్గు అయితే మల్టీమీటర్ రెండు కొనలకు పెడితే కొన్ని వేల ఓములు చూపాలె, 5,000 ఓముల చుట్టుపక్కల ఉంటది. సున్నా చూపితే లోపల రెసిస్టర్ లేదన్నట్టే. ఎంపీఎఫ్ఐ బండ్లకు ఇది చానా ముఖ్యం, రెసిస్టర్ లేని ప్లగ్గు కంప్యూటర్‌ను గడబిడ చేస్తది, మా కార్బొరేటర్ బండ్లకు అయితే ఎక్కువలో ఎక్కువ రేడియోలో గరగర.

బిగించే దగ్గర తొందర వద్దు. ఇంజన్ పూర్తిగ చల్లారినంకే తీయాలె, హెడ్డు అల్యూమినియం, వేడి మీద తిప్పితే చూడీలు లేచి వస్తయి. తీసే ముందు ప్లగ్గు గుంతలో ఉన్న దుమ్ము ఊదేయండి, మా దిక్కు మట్టి రోడ్లకు అక్కడ గుప్పెడు మట్టి ఉంటది, అది సిలిండర్‌లో పడితే గీతలే. వైర్లు ఒక్కొక్కటే తీసి ఒక్కొక్కటే పెట్టండి, 800 ఫైరింగ్ వరుస (సిలిండర్లు అంటుకునే వరుస) 1-3-2, మూడూ ఒకేసారి పీకితే కలగలుపు అయితది. గ్యాప్ ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టి మాన్యువల్‌లో ఉన్నంతే పెట్టండి, పాత డిస్ట్రిబ్యూటర్ బండ్లకు చానావాటికి 0.7, 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటది. గ్యాప్ పెంచితే పవర్ పెరుగుతదని ఎవరన్న చెప్తే వినకండి, పాత కాయిల్‌కు అంత దూరం కరెంటు దూకించే బలం ఉండదు, లోడ్ మీద మిస్ కొడతది. మొదట చేతితోనే పూర్తిగ తిప్పండి, చెయ్యి ఆగినంక కొత్త ప్లగ్గు అయితే పానాతోని అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు, వాషర్ అణిగేదాక, అంతే. పాత ప్లగ్గు తిరిగి పెడితే ఇంకా తక్కువ, పానా కొంచెం కదిలితే చాలు. చూడీలకు గ్రీజు, ఆయిల్ పూసే అలవాటు కొందరికి ఉంది, దాంతోని చేతికి తెలియకుండనే ఎక్కువ బిగుసుకుపోతది. కింద పడ్డ ప్లగ్గు మాత్రం ఎంత కొత్తదైనా పెట్టొద్దు, పింగాణీలో వచ్చిన సన్న చీలిక కంటికి కనబడదు.

గ్యాస్ కిట్టు బండి ఉన్నోళ్ళకు ఒక మాట. గ్యాస్‌ను అంటించాలంటే పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలె, కాబట్టి గ్యాప్ మాన్యువల్ లెక్కకు పైకి అస్సలు పోనీయొద్దు, మార్చే టైము కూడా ముందుకు జరపాలె. ఆ బండ్లలో ఇంజన్ మంచిగుంటే ఇరిడియం పైసలు వసూలైతయి, పెట్రోలు మీద నడిచే నా బండిలో అయినట్టు లేదు.

ఇప్పుడు బండిలో ఎన్‌జీకే నికెల్‌వి ఉన్నయి, వాల్వ్ సీళ్ళు మార్పించిన తర్వాత మూడో ప్లగ్గు కూడా మిగతా రెంటి రంగుకే వచ్చింది. డిక్కీలో పానా, మంచిగున్న పాత ప్లగ్గు ఒకటి బట్టలో చుట్టి పెట్టుకుంట, డిండి దాటినంక అడవిలో అవసరం పడితే అదే దిక్కు.