ఓపెన్‌ఫోమ్‌లో మెటల్ ఫోమ్: ఒక్క 2 పెట్టిన తంటా

ఓపెన్‌ఫోమ్ అంటే గాలి, నీళ్ళ ప్రవాహాల్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్. పేరు చూసి మోసపోకండి. ఓపెన్‌ఫోమ్‌లోని ఫోమ్‌కీ అల్యూమినియం ఫోమ్‌కీ ఏ చుట్టరికమూ లేదు. అది ఫీల్డ్ ఆపరేషన్ అండ్ మానిప్యులేషన్‌కి పొడి అక్షరాలు. అయినా మెటల్ ఫోమ్ (స్పాంజిలా నిండా రంధ్రాలుండే లోహం) హీట్ ఎక్స్ఛేంజర్ల లెక్కలకి మూడేళ్ళుగా దీన్నే వాడుతున్నాను. ఇన్‌స్టలేషన్ గొడవ అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా. నా బాధంతా డార్సీ-ఫోర్క్‌హైమర్ పోరస్ జోన్‌తోనే, అంటే ఫోమ్ ఆకారం గీయకుండా అది గాలికి పెట్టే అడ్డుని మాత్రం సూత్రంతో లెక్కించే పద్ధతితో.

మొదట్లో ఇది వరంలా అనిపించింది. ఫోమ్ తీగల్ని ఒక్కొక్కటిగా గీయనక్కర్లేదు, డి (జిగట వల్ల వచ్చే అడ్డు, డార్సీ వాటా), ఎఫ్ (వేగం వర్గంతో పెరిగే అడ్డు, ఇనర్షియా వాటా) అని రెండు అంకెలిస్తే చాలు. ఆ రెండోదే ముంచింది.

చాలా పేపర్లలో ఇనర్షియా పదం ముందు సగం ఉండదు. ఓపెన్‌ఫోమ్ సమీకరణంలో సాంద్రత పక్కన సగం ఉంటుంది. అందుకని పేపర్లోని విలువని రెట్టింపు చేసి ఇవ్వాలి. పర్మియబిలిటీ (ఫోమ్ గాలిని ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే కొలత) 10⁻⁷ చదరపు మీటర్లు, ఇనర్షియా గుణకం 0.1 అనుకోండి. డి అంటే పర్మియబిలిటీకి విలోమం, 10⁷. గుణకాన్ని పర్మియబిలిటీ వర్గమూలంతో భాగిస్తే మీటరుకి 316. ఎఫ్ కింద రాయాల్సింది 632. 100 మిల్లీమీటర్ల ఫోమ్‌లో గాలి సెకనుకి 5 మీటర్ల వేగంతో పోతే ప్రెషర్ డ్రాప్ సుమారు 1040 పాస్కల్స్. 316 రాస్తే 565 వస్తుంది. ఎర్రర్ ఉండదు, రెసిడ్యువల్స్ (లెక్కలో ఇంకా మిగిలిన తేడాలు) ముచ్చటగా దిగుతాయి. ఆ అంకె నమ్మి ఎంచుకున్న ఫ్యాన్ మాత్రం చతికిలబడుతుంది.

పైగా తక్కువ వేగంలో ఈ తప్పు దొరకదు. సెకనుకి 0.1 మీటర్ల దగ్గర డార్సీ వాటాదే పైచేయి, తేడా పది శాతం లోపే. నేను సరిచూసుకున్నది అక్కడే! తప్పు సాఫ్ట్‌వేర్‌దని అనలేను, సూత్రం రాసే ఉంది. ఇప్పుడు ఏ కేసుకైనా ముందు తిన్నని డక్ట్‌లో ఫోమ్ ముక్క పెట్టి, గోడలకి స్లిప్ (గోడ రాపిడి లేకుండా) ఇచ్చి, 0.1 దగ్గర ఒకసారి, 5 దగ్గర ఒకసారి నడిపి చేతిలెక్కతో పోలుస్తాను. అందులో వాడే వేగం డక్ట్ ముఖం మీది వేగమే, పోరోసిటీతో (ఫోమ్‌లో ఖాళీ వాటాతో) భాగించకూడదు.

రెండంకెలు చాలన్నాను కదా, అది ప్రవాహం వరకే. ఈ జోన్ అడ్డునే లెక్కిస్తుంది, లోహం మోసే వేడిని కాదు. గాలీ అల్యూమినియమూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయనుకోవడం కుదరదు కాబట్టి ఒకదానిమీద ఒకటి పడే రెండు రీజియన్లు (గాలికొకటి, లోహానికొకటి) పెట్టి, మధ్యన ఉష్ణ మార్పిడి గుణకం, ఘనపు మీటరుకి ఉపరితలం ఇవ్వాలి. ఘన రీజియన్‌కి లోహపు కండక్టివిటీ (ఉష్ణ వాహకత, W/mKలో) 200 ఇచ్చారో, ఫోమ్ కాస్తా దిమ్మె అయిపోతుంది. 92 శాతం పోరోసిటీకి లెమ్లిక్ సూత్రం (లోహపు వాటా × కండక్టివిటీ ÷ 3) లెక్కన 0.08 × 200 ÷ 3, అంటే 5.3. కాలంతో మారే కేసైతే లోహపు సాంద్రతని కూడా 0.08తో గుణించాలి.

ఇవన్నీ శుభ్రమైన ఫోమ్ అంకెలు. విశాఖలో పోర్టు వైపు బొగ్గు ధూళి, ఉప్పుగాలి తేమ కలిసి రంధ్రాల్లో పేరుకుంటే పర్మియబిలిటీ పడిపోతుంది. 40 పీపీఐ (అంగుళానికి రంధ్రాల సంఖ్య) ఫోమ్‌కి ఆ భయం మరీ ఎక్కువ. బయట పెట్టేదైతే నేను 10 పీపీఐకే మొగ్గుతాను, ఉపరితలం తగ్గినా సరే.

నాది 16 జీబీ కంప్యూటర్. కెల్విన్ సెల్స్ (ఫోమ్ బుడగల్ని పోలిన 14 ముఖాల ఆకారాలు) గీసి తీగ తీగనీ మెష్ చేస్తే (లెక్కకి చిన్న గళ్ళుగా విడగొడితే) కోటి గళ్ళు దాటకముందే మెమరీ నిండుతుంది, అందుకే పోరస్ జోన్‌తో సర్దుకున్నాను. సర్వర్ అందుబాటులో ఉన్నవాళ్ళు నా మాట పట్టించుకోనక్కర్లేదేమో. కొలిచిన ప్రెషర్ డ్రాప్ మీ దగ్గరుంటే దాన్ని పొడవుతో, వేగంతో భాగించి వేగం మీద గీయండి: వాలు నుంచి ఎఫ్, గీత నిలువు అక్షాన్ని తాకేచోటి నుంచి డి వస్తాయి. వాలుని సాంద్రతతో భాగించాక 2తో గుణించడం మరవకండి.