పెట్టె ముందా, పొలం ముందా?

ఆఫ్రికా పల్లెల్లో జనాన్ని ఒకచోట కూర్చోబెట్టిన పద్ధతుల్లో రెండు బాగా పాతుకుపోయాయి: పొదుపు పెట్టె, రైతులు చేలోనే నేర్చుకునే పొలంబడి.

పొదుపు పద్ధతిని 1991లో నైజర్‌లోని మరాడి ప్రాంతంలో కేర్ అనే అంతర్జాతీయ సేవా సంస్థ మొదలుపెట్టింది. పదిహేను నుంచి పాతిక మంది, ఎక్కువగా ఆడవాళ్లే, కలిసి డబ్బు దాచుకుని అందులోంచే ఒకరికొకరు వడ్డీకి అప్పులిచ్చుకుంటారు. ఇప్పుడు చాలాచోట్ల ఇనప పెట్టెకు మూడు తాళాలు, మూడు చెవులు ముగ్గురి దగ్గర, పెట్టె ఇంకొకరింట్లో. అందరూ కూర్చుంటే తప్ప అది తెరుచుకోదు, చదువు రానివాళ్లకైనా లెక్క కళ్లముందే తేలిపోతుంది. మన డ్వాక్రాలా బ్యాంకు అప్పు కోసం చూడరు, ఏడాది తిరిగేసరికి వడ్డీతో సహా పంచేసుకుని మళ్లీ మొదలుపెడతారు.

పొలంబడి 1989లో ఇండోనేషియా వరి చేలల్లో పుట్టి, తొంభైల్లో కెన్యాకు చేరింది. వారానికోసారి చేలో దిగి, పురుగులు లెక్కపెట్టి, పెద్ద కాగితం మీద మొక్క బొమ్మ గీసి వాదించుకుంటారు. నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు, కాకపోతే ప్రాజెక్టు డబ్బు ఆగితే బడి కూడా ఆగే టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది.

నన్నడిగితే పెట్టెతోనే మొదలుపెట్టాలి, కలిసి కూర్చునే అలవాటు, విత్తనాల ఖర్చు రెండూ అక్కడే దొరుకుతాయి. కరువొచ్చిన ఏడు మాత్రం అందరికీ ఒకేసారి అప్పు కావాలి, అప్పుడు పెట్టె సరిపోదు.