అన్యభాషలు: ఆనవాలా, ఆగిపోయిన వరమా, అందరికీ రాని వరమా?

మా బాబాయి కూతుర్ని చూడటానికి వచ్చినవాళ్లు కాఫీలు తాగారు, చదువూ ఉద్యోగమూ అడిగారు. ఆ తర్వాత పెళ్లికొడుకు తల్లి అసలు సంగతికి వచ్చింది. "పాప రక్షణ పొందిందా అన్నయ్యగారూ?" పొందింది. "బాప్తిస్మం?" అయింది. "మరి అభిషేకం ఉందా?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఆయన బ్రదరన్ అసెంబ్లీలో, అంటే అన్యభాషల జోలికి పోని క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. అభిషేకం అంటే ఆవిడ అడుగుతున్నది అన్యభాషలు, అంటే పరిశుద్ధాత్మ పలికిస్తాడని నమ్మే, నేర్చుకోని భాషలు మాట్లాడుతుందా అని ఆయనకి తెలుసు. "మా దగ్గర అలాంటివి లేవండి" అన్నాడు. ఆవిడ కాఫీ గ్లాసు టీపాయ్ మీద పెట్టిన తీరులోనే మాకు జవాబు దొరికింది. ఆ సంబంధం కట్నం దగ్గర చెడలేదు, అన్యభాషల గురించి పౌలు రాసిన కొరింథీయుల పత్రిక దగ్గర చెడింది.

అప్పటి నుంచీ ఈ విషయం మీద మా ఇంట్లో మూడు పక్షాలు. అన్యభాషలు పరిశుద్ధాత్మ వచ్చాడనడానికి ఆనవాలు అన్నది పెంతెకోస్తు పక్షం. అవి అపొస్తలుల కాలంతోనే ఆగిపోయాయన్నది బాబాయి పక్షం. ఉన్నాయి గానీ అందరికీ రావు, రావాలనీ లేదు అన్నది మూడోది. వీటిలో ఏది మేలు అంటే, నేను మూడో పక్షమని ముందే చెప్పేస్తున్నాను. అయితే మిగతా రెంటినీ తేలిగ్గా కొట్టిపారేయలేం.

పెంతెకోస్తువాళ్ల బలమంతా లూకా రాసిన అపొస్తలుల కార్యాలు అనే బైబిలు పుస్తకంలో ఉంది. రెండో అధ్యాయంలో మేడగది, పదో అధ్యాయంలో రోమా సైనికాధికారి కొర్నేలీ ఇల్లు, పంతొమ్మిదిలో ఎఫెసులోని పన్నెండు మంది. మూడు చోట్లా ఆత్మ దిగాడు, మూడు చోట్లా భాషలు వచ్చాయి. ముఖ్యంగా కొర్నేలీ సంగతి చూడండి. అన్యజనులకు కూడా ఆత్మ వచ్చాడని పేతురుతో వచ్చిన యూదులు ఎలా నమ్మారు? వాళ్లు భాషలతో మాట్లాడటం విన్నారు గనక. దీన్ని ఆనవాలు అనకపోతే ఇంకేమంటాం?

కానీ ఈ సిద్ధాంతం పుట్టిన కథ తెలిస్తే కాస్త ఆగి ఆలోచించాల్సి వస్తుంది. 1901 జనవరి 1న అమెరికాలోని టొపీకాలో, చార్లెస్ పార్హమ్ నడిపిన బైబిలు పాఠశాలలో ఆగ్నెస్ ఓజ్మన్ అన్యభాషలు మాట్లాడింది. 1906లో లాస్ ఏంజెలిస్‌లోని అజూసా వీధిలో, ఒకప్పటి బానిసల కొడుకు విలియం సీమోర్ నడిపిన కూటాలతో అది ప్రపంచమంతా పాకింది. పార్హమ్ లెక్కలో అన్యభాషలు నిజమైన భాషలే. దేవుడు నోట పెట్టిన భాషతో మిషనరీ ఏ దేశమైనా వెళ్లి, వ్యాకరణం ముట్టుకోకుండా సువార్త చెప్పొచ్చు. ఆ నమ్మకంతోనే ఆల్ఫ్రెడ్ గార్ దంపతులు కలకత్తాకు ఓడెక్కారు. 1907లో అక్కడ దిగి చూస్తే వాళ్లు మాట్లాడింది బెంగాలీ కాదు, ఎవరికీ అర్థం కాలేదు. భాష విషయంలో ఆశాభంగమైనా వాళ్లు ప్రకటించడం మానలేదు. కాకపోతే అన్యభాషల 'ప్రయోజనం' మాత్రం నెమ్మదిగా మారిపోయింది. సువార్త సాధనం కాస్తా ఆత్మబాప్తిస్మానికి గుర్తు అయింది. 1914లో ఏర్పడిన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ 1916లో తన విశ్వాస ప్రకటనలో అదే మాట రాసుకుంది. అంటే మా చెల్లెలి సంబంధం చెడగొట్టిన ప్రశ్న వయసు నూట పాతికేళ్లే.

పైగా లేఖనంలోనే చిక్కుంది. పెంతెకోస్తు రోజున బాప్తిస్మం పొందిన మూడు వేల మందిలో ఒక్కరు కూడా భాషలు మాట్లాడినట్టు లూకా రాయలేదు. ఇక కొరింథీయుల మొదటి పత్రికలో పౌలు సూటిగానే అడిగాడు: "అందరు భాషలతో మాటలాడుచున్నారా?" ఆ వరసలో వచ్చే ప్రతి ప్రశ్నకీ జవాబు 'లేదు' అనే. అది సంఘంలో వాడే వరం గురించి, ఇది మొదటి గుర్తు గురించి అని పెంతెకోస్తు పండితులు విడదీస్తారు. ఆ గీత పౌలు గీసినట్టు నాకు కనపడదు.

గుర్తు తప్పనిసరి అయ్యేసరికి ఏం జరుగుతుందో, ఆత్మ కోసం ఎదురుచూస్తూ ప్రార్థించే కనిపెట్టు కూటాల్లో చూశాను. ఇంటర్ చదివే కుర్రాడు మోకాళ్ల మీద ఉన్నాడు. పక్కనున్నాయన వాడి దవడ మీద చెయ్యేసి "స్తోత్రం స్తోత్రం అను, ఇంకా వేగంగా, నాలుక వదిలెయ్" అంటున్నాడు. అరగంటకి వాడి మాట తడబడింది. చుట్టూ చప్పట్లు. బయటికొచ్చాక వాడు నా చెవిలో అడిగాడు: "అన్నా, ఇది వచ్చినట్టా, నేను తెచ్చుకున్నట్టా?" విలియం సమరిన్ అనే భాషాశాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఇలాంటి పలుకుల్ని పరిశీలించి, అందులోని ధ్వనులు మాట్లాడేవాడికి తెలిసిన భాషల్లోనివే అని తేల్చాడు. నేను విన్నంతలో మనవాళ్ల అన్యభాష కూడా తెలుగులాగే అజంతమే, ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. వెక్కిరింపుగా అనడం లేదు. దేవుడితో మనసు విప్పుకోవడానికి వ్యాకరణం అక్కర్లేకపోవచ్చు. కానీ దాన్ని హాజరుపట్టీగా వాడటం వేరే సంగతి.

ఇప్పుడు బాబాయి పక్షం. 1836లో మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇండియాకి వచ్చి, నరసాపురం వైపు పని మొదలుపెట్టిన బౌడెన్, బీర్ కుటుంబాల నాటి గోదావరి బ్రదరన్ వాసన ఆయనది. పుస్తకం తెరిచి, వచనం వేలితో చూపించి మాట్లాడతాడు. ఆయన వాదన ఇది: సూచనలు అపొస్తలుల మాటకు దేవుడు వేసిన ముద్ర. హెబ్రీ పత్రిక రెండో అధ్యాయం అదే చెబుతుంది. లేఖనం పూర్తయ్యాక ముద్రతో పనిలేదు. "భాషలైనను నిలిచిపోవును" అని పౌలే అన్నాడు. నాలుగో శతాబ్దపు సంఘ ప్రసంగీకుడు క్రిసొస్తొమ్ కొరింథీయుల పత్రికలోని ఈ అధ్యాయాలు వివరిస్తూ, ఇవి ఇప్పుడు జరగడం లేదు గనక విషయం మనకు అంతుపట్టదన్నాడు. ఆధునిక కాలంలో ఈ వాదానికి నడుం కట్టినవాడు అమెరికా వేదాంతి బి. బి. వార్‌ఫీల్డ్, 1918లో.

ఈ పక్షంలో నాకు నచ్చేది ఆ జాగ్రత్త. మా ఊళ్లో ఒకావిడ ఒక స్వస్థత కూటంలో 'షుగరు పోయింది' అని ప్రకటించాక బిళ్లలు మానేసింది. ఆర్నెల్లకి కాలి వేలు తీయించుకుంది. బాబాయి సంఘంలో ఎవరికీ అలా జరగలేదు, జరగదు కూడా. అమెరికాలో మార్కు సువార్త చివరి వచనాలు పట్టుకుని పాముల్ని చేత్తో పట్టే ఆచారాన్ని వ్యాపింపజేసిన జార్జ్ హెన్స్‌లీ 1955లో పాముకాటుతోనే పోయాడు. సీనాయి, వాటికన్ ప్రతుల వంటి ప్రాచీన ప్రతుల్లో ఆ వచనాలు అసలు లేనే లేవు.

కానీ 'నిలిచిపోవును' ఎప్పుడు? పూర్ణమైనది వచ్చినప్పుడు. పూర్ణమైనది అంటే బైబిలు అని బాబాయి. రెండు వచనాల తర్వాత పౌలు 'ముఖాముఖి చూస్తాం' అంటాడు. బైబిలు చేతికొచ్చింది గానీ ముఖాముఖి ఇంకా రాలేదు కదా! రెండో శతాబ్దంలో ఇరేనియస్ అనే బిషప్పు తన రోజుల్లో నానాభాషలు మాట్లాడే సోదరుల గురించి విన్నామని రాశాడు. భాషల సూచన దాని కాలానికి సరిపోయిందన్న బిషప్పు అగస్టీనే, తర్వాత తన హిప్పో పట్నంలో రెండేళ్లు తిరక్కుండానే దాదాపు 70 స్వస్థతలు రాతపూర్వకంగా నమోదయ్యాయని చెప్పాడు. అన్నిటికంటే ముందు, "భాషలతో మాటలాడుట ఆటంకపరచకుడి" అన్న వచనం ఉంది. బాబాయి వేలు ఆ వచనం మీద ఎప్పుడూ ఆగదు.

ఇక మూడోది. దీని వేరు మన దేశంలోనే ఉందని చాలామందికి తెలియదు. పుణె దగ్గర కేడ్గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి ఆశ్రమంలో 1905లో ఉజ్జీవం మొదలైంది. కరువులో దిక్కులేనివాళ్లైన పిల్లలు, బాలవితంతువులు ఉన్న చోటు అది. తర్వాత అక్కడా అన్యభాషలు వినపడ్డాయి. రమాబాయి వాటిని ఆపలేదు, వెనకేసుకొచ్చింది. తనకు వచ్చాయని మాత్రం చెప్పుకోలేదు. అక్కడే పనిచేసిన మిన్నీ అబ్రమ్స్ కూడా అందరికీ రావాల్సిందేనని పట్టుబట్టలేదు. రానిచ్చారు, కొలబద్ద చెయ్యలేదు.

పౌలు చెప్పిన ప్రయోజనం వింతగా ఉంటుంది. భాషలు అవిశ్వాసులకే సూచకం అంటాడు, వెంటనే అవిశ్వాసి లోపలికొస్తే మీకు వెర్రి అనుకోడా అంటాడు. ఈ ముడి యెషయా ప్రవక్త గ్రంథం 28వ అధ్యాయంలో విడుతుంది. తాగి తూలే యాజకులు ప్రవక్త చెప్పే తేట మాటల్ని 'ఆజ్ఞ వెంబడి ఆజ్ఞ' అని చిన్నపిల్లల పాఠంలా ఎగతాళి చేశారు. అయితే అష్షూరు సైన్యం నోటి పరాయి మాటలు వినండి అన్నాడు దేవుడు. అర్థంకాని భాష ఆ చోట బహుమానం కాదు, శిక్ష. అందుకే సంఘంలో అర్థం చెప్పేవాడు లేకుండా మాట్లాడితే వచ్చినవాణ్ని బయటికి నెట్టినట్టే. మేడగదిలో జరిగింది దీనికి సరిగ్గా తిరగబడ్డ దృశ్యం: పార్తీయులూ మాదీయులూ ఎవరి సొంత భాషలో వాళ్లు విన్నారు.

మా ఆఫీసు మిత్రుడొకడు నాతో ఉపవాస ప్రార్థనకి వచ్చాడు, హిందువు. మైకు ఎకో పెట్టి పాస్టరుగారు మొదలుపెట్టగానే రెండొందల మంది ఒక్కసారిగా అందుకున్నారు. తిరుగు ఆటోలో వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ఆ మాటలు ఎవరికోసం రా?" అన్నాడు. 'మీకు వెర్రి అనుకోడా' అన్న పద్నాలుగో అధ్యాయం ఇరవై మూడో వచనం ఆటోలో నా పక్కన కూర్చుంది.

ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ వంతులవారీగా, ఒకరు అర్థం చెప్పాలి, చెప్పేవాడు లేకపోతే మౌనంగా దేవుడితో మాట్లాడుకోవాలి. పౌలు పెట్టిన లెక్క ఇది. పెంతెకోస్తు మందిరాల్లో ఇద్దరు ముగ్గురు రెండొందలయ్యారు, బాబాయి అసెంబ్లీలో సున్నా. తను అందరికంటే ఎక్కువగా మాట్లాడతానన్న పౌలే, సంఘంలో భాషతో పదివేల మాటలకంటే బోధ కలిగేలా మనస్సుతో అయిదు మాటలు మేలన్నాడు. 'ఏది మేలు' అన్న ప్రశ్నకి ఆయనే 'మేలు' అనే మాట వాడాడు, నేను కొత్తగా తూకం వెయ్యక్కర్లేదు. గదిలో ఒంటరిగా, ఎవరికీ లెక్క చెప్పకుండా మాట్లాడేవాళ్ల జోలికి ఎవరూ పోనక్కర్లేదు. మైకులో అయితే తెలుగే.

పెళ్లివాళ్లు వెళ్లిపోయిన రాత్రి అరుగు మీద కూర్చున్నప్పుడు బాబాయిని అడిగాను: "మన దగ్గర అలాంటివి లేవన్నావు. మరి నాయనమ్మ?" ఆయన చాలాసేపు వీధిలోకే చూశాడు. నాయనమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వంటింట్లో దీపం కూడా వెయ్యకుండా, ముసుగు కప్పుకుని ఏదో గొణిగేది. అందులో తెలుగు మాట ఒక్కటీ ఉండేది కాదు. మేం పిల్లలం చాపల మీద పడుకుని వినేవాళ్లం.

"పళ్లసెట్టు పెట్టుకోకముందు కదరా, అట్లా వినపడేది" అన్నాడు బాబాయి.