అదే డబ్బా, అదే పేరు, లోపల గుళ్లే వేరు

నాలుగున్నరేళ్లుగా మా ఎయిర్ రైఫిల్లో ఒకే కంపెనీ సీసపు గుళ్లు వాడుతున్నాను. పేరున్న విదేశీ కంపెనీయే. తెలిసినవాళ్లు ఓ పదిమందికి అవే కొనుక్కోమని గట్టిగా చెప్పాను కూడా. ఆ మాట ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గాని, దానికో షరతు తగిలించాలి. డబ్బా మీద పేరు చూసి కొనకండి. డబ్బా వెనక అంటించిన చిన్న కాగితం మీద గుండు తల కొలత ఎంత వేశారో చూసి కొనండి. ఆ కాగితం లేని డబ్బా అయితే, ఎంత చౌకగా ఇచ్చినా వద్దనండి. ఇంత చిన్న సంగతి నాకు ముందే తెలిసుంటే, 2024 అక్టోబరులో మా అమ్మాయిని అన్న మాట అనేవాణ్ని కాదు.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరికాయలు పోసుకునే పొడుగాటి రేకుల షెడ్డు ఉంది. దింపు లేని రోజుల్లో అది ఖాళీ. ఈ చివర నించి ఆ చివరికి టేపు పెట్టి పది మీటర్లు గీత గీశాం. అవతల గోడకి చెక్కపెట్టె, దాని లోపల ఏటవాలుగా ఇనప రేకు, వెనకాల కాలువ గట్టు మట్టి నింపిన బస్తాలు. కాల్చేటప్పుడు తలుపు గడియ వేసే ఉంటుంది. తుపాకీ మన దేశంలో తయారైన స్ప్రింగు రైఫిలే, బ్యారెల్ మడిచి గుండు పెట్టేది, పాయింట్ వన్ డబుల్ సెవెన్, అంటే 4.5 మిల్లీమీటర్ల గొట్టం. గొట్టం 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదని 2016 నాటి ఆయుధాల నిబంధనల్లో ఉంది. లైసెన్సు అక్కర్లేదు కదా అని కొంగల మీద, పావురాల మీద గురిపెట్టేవాళ్లు మా చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. అది నేరం. వాళ్లకి గుళ్ల గురించి ఒక్క ముక్క కూడా చెప్పను.

ఈ గుళ్ల మీద నాకు ప్రేమ పుట్టడానికి కారణం అవి కాగితం మీద చేసే బెజ్జం. తల బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి పంచింగు మిషనుతో కొట్టినట్టు గుండ్రంగా కత్తిరించుకుపోతుంది. మొనదేలిన గుళ్లు కాగితాన్ని చింపుతాయి, ఎక్కడ తగిలిందో తేల్చుకోవడానికి భూతద్దం పట్టుకోవాలి. పది మీటర్ల రైఫిలు పోటీలో నడిమి చుక్క అర మిల్లీమీటరే. గుండేమో నాలుగున్నర. అంటే గురి సరిగ్గా కుదిరితే చుక్క మొత్తాన్ని బెజ్జం తినేస్తుంది. ఆ బెజ్జం శుభ్రంగా పడితేనే లెక్క తేలుతుంది. 0.53 గ్రాముల గుండు, డబ్బాకి 500. మొదటి మూడేళ్లూ ధాన్యం బస్తా మీద అరచెయ్యి పెట్టి, ఆ అరచేతిలో తుపాకీ వదులుగా ఆనించి కాలిస్తే ఐదు గుళ్లూ ఆరు మిల్లీమీటర్లలో పడేవి. స్ప్రింగు తుపాకీకి అంతకంటే ఆశపడకూడదు. దాన్ని నేరుగా బస్తా మీద ఆనిస్తే గెంతుతుంది, గుండు ఎటుపోతుందో మన చేతిలో ఉండదు.

2024లో పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చింది. అది పిస్టలే అయినా, మా అమ్మాయి టీవీ ముందు నించి లేచి నేరుగా షెడ్డులోకి వెళ్లింది. అప్పటిదాకా సరదాకి వారానికి పాతిక కాల్చే పిల్ల, రోజూ అరవై మొదలెట్టింది. కాకినాడ పోటీలో, తుపాకీ మీదుండే మామూలు గురిపుల్లతోనే కాల్చే ఓపెన్ సైట్ విభాగంలో పేరిచ్చాం. పాత డబ్బాలు అయిపోవస్తున్నాయని నేను ఒకేసారి పది డబ్బాలు తెప్పించాను. అదే కంపెనీ, అదే రంగు మూత, ఎక్కువ తీసుకుంటే ధర తగ్గిస్తానన్నాడు అమ్మేవాడు.

దసరా సెలవుల్లో గుళ్లు చెదరడం మొదలైంది. మూడు మధ్యలో, ఒకటి కుడికి, ఒకటి పైకి. మర్నాడు ఇంకోలా. ఆరు మిల్లీమీటర్లు ఉండేది పదమూడు, పద్నాలుగుకి పోయింది. వెనక సైటు మరలు బిగించాను. స్టాకు మరలు బిగించాను. గొట్టంలో గుడ్డ దూర్చి లాగాను. స్ప్రింగు సడలిందేమోనని విప్పించాను, బాగానే ఉంది. ఇవన్నీ అయ్యాక మిగిలింది ఎవరు? కాల్చే మనిషి.

మొదటి రోజే అమ్మాయి నాతో అంది, "నాన్నా, గుండు నొక్కక్కర్లేకుండానే లోపలికి జారిపోతోంది" అని. అంతకు ముందు బొటనవేలితో కాస్త బలంగా ఒత్తితే గాని కూర్చునేది కాదు. నేను వినలేదు. విన్నాను గాని పట్టించుకోలేదు. మూడో వారం విసుగొచ్చి, "తుపాకీలో ఏం లేదు, నీ ఊపిరిలోనే ఉంది తేడా. టీవీ చూసి ఉత్సాహపడితే సరిపోదు" అనేశాను. అది ఏమీ అనలేదు. పోటీలో చాలా కిందకి పోయింది. కాకినాడ నించి తిరుగు బస్సులో ఎదుర్లంక వంతెన దాటి, ముమ్మిడివరం వచ్చేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక తుపాకీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టమంది.

సంగతి బయటపెట్టింది ఒహాయోలో ఉన్న మా బావ. మా పెద్దమావయ్య కొడుకు. వాడిది వేరే లోకం. అక్కడ జింకల వేటకి సీసా మెడలా సన్నబడే తూటాల రైఫిళ్లు ఒప్పరు, గ్లాసులా నిటారుగా ఉండే తూటా కావాలి. అందుకని 45-70 వాడతాడు. 1873లో అమెరికా సైన్యం కోసం పుట్టిన తూటా అది: పాయింట్ ఫోర్ ఫైవ్ అంగుళం గొట్టం, 70 గ్రెయిన్ల నల్ల తుపాకిమందు, 405 గ్రెయిన్ల సీసం. గ్రెయిన్ అంటే గ్రాములో దాదాపు పదిహేనో వంతు. మా గుండు ఎనిమిది గ్రెయిన్లు దాటితే గొప్ప, వాడిది దానికి యాభై రెట్లు. తూటాలు తనే నింపుకుంటాడు. శని, ఆదివారాలు గ్యారేజీలో సీసం కరిగించి పోత పోసుకుంటాడు. ఫోనులో నా గోడంతా విని వాడు అడిగింది ఒక్కటే.

"గుండు కొలిచావా బావా?"

"డబ్బా మీద ఉందిగా, 4.5."

"అది గొట్టం పేరు. గుండు కొలత అడుగుతున్నా."

అక్కణ్నించి గంటన్నర మాట్లాడాడు. వాడి రైఫిలు గొట్టంలో మెత్తటి సీసం దిమ్మ ఒకటి దూర్చి అవతలికి తోశాడట. గొట్టం లోపల మెలికగా చెక్కిన గాళ్ల అచ్చు దాని మీద పడుతుంది. దాన్ని కొలిస్తే 0.458 అంగుళం. కాబట్టి పోత గుండు 0.459 ఉండాలి, వెయ్యో వంతు అంగుళం ఎక్కువ. మొదట్లో కొలవకుండా పోసిన గుళ్లు ఆ వెయ్యో వంతు తక్కువగా ఉండేవట. వేడి గాలి పక్కల నించి తన్నుకుపోయి, గొట్టం నిండా సీసం అతుక్కుని, యాభై గజాల్లో పళ్లెమంత మేర చెదిరిపోయేవట. మందు మార్చాడు, మందు కొలత తగ్గించాడు, పెంచాడు, ఏమీ ఒరగలేదు. చివరికి అచ్చు మార్చాక కుదిరింది. ఇంకో మాట కూడా చెప్పాడు: వాడిది బ్యారెల్ కింద ఉండే ఇంకో గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలబడే లీవరు రైఫిలు. వెనక గుండు మొన ముందున్న తూటా అడుగున, దాన్ని పేల్చే మందుబిళ్ల మీద ఆనుతుంది. మొనదేలిన గుండు పెడితే లోపలే పేలచ్చు. అందుకే వాడికీ బల్లపరుపు తలే. మాకు బెజ్జం కోసం, వాడికి ప్రాణం కోసం.

వెయ్యో వంతు అంగుళమంటే మిల్లీమీటర్లలో 0.025. అప్పుడు డబ్బాలు తిరగేసి చూశాను. పారెయ్యకుండా మేకులు పోసుకున్న పాత డబ్బా వెనక కాగితం మీద 4.51 అని ఉంది. కొత్త పదింటిలో ఏడింటి మీద 4.49. మూడింటికి కాగితమే లేదు. బావ పోట్లాడే తేడా, మా అమ్మాయి వేలికి తెలిసిన తేడా, దాదాపు ఒకటే. తేడా లేదన్నది నేనొక్కణ్నే.

ఎయిర్ రైఫిల్లో జరిగేది ఇది. గుండు వెనక భాగం పావడాలా పల్చగా, బోలుగా ఉంటుంది. గాలి తన్నగానే అది విచ్చుకుని గొట్టాన్ని మూసేస్తుంది. తల మాత్రం గాళ్ల మీద కూర్చుని దారి పట్టాలి. తల వదులైతే గుండు లోపలే కాస్త వాలుతుంది, బయటికొచ్చాక తూలుతుంది. అలాగని ఎంత బిగువైతే అంత మంచిదనీ కాదు. తర్వాత వేరే దుకాణం నించి నాలుగు కొలతలూ ఒక్కొక్క డబ్బా తెప్పించి, షెడ్డులో రెండు ఆదివారాలు కూర్చున్నాం. ప్రతి కొలతకీ ఐదేసి చొప్పున ఎనిమిది కాగితాలు. 4.49కి సగటున పదమూడు మిల్లీమీటర్లు. 4.50కి ఏడు. 4.51కి ఐదు. 4.52 దూర్చడానికే వేలు నెప్పెట్టింది, పావడా అంచు నలిగింది, మళ్లీ ఎనిమిదికి పోయింది. కాల్చింది అమ్మాయే. నేను అటక మీంచి తుపాకీ దించి, తప్పు నాదని చెప్పాకే వచ్చింది. ఐదు గుళ్లూ ఒకే బెజ్జంలా పడ్డ కాగితం పట్టుకొచ్చి నా ముందు పెట్టి, "ఇప్పుడు నా ఊపిరి బాగుందా నాన్నా?" అంది.

అమ్మినవాడికి ఫోను చేస్తే, "అన్నీ ఒకటేనండీ, సైజు ఫోర్ పాయింట్ ఫైవే కదండీ" అన్నాడు. డబ్బాలు వెనక్కి తీసుకోలేదు. గుళ్లు ఒత్తే అచ్చులు అరుగుతుంటాయి, ఒక దఫా సరుకు ఇంకో దఫాలా ఉండదు. అందుకే పెద్ద పోటీలకి వెళ్లేవాళ్లు ఒక్కో లాటూ తమ తుపాకీలో కాల్చి చూసి, కుదిరిన లాట్ నంబరు మీదే కొనుక్కుంటారు. అమ్మేవాడికి ఇది తెలియకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పది డబ్బాలు ఒకేసారి కొనమని నేను ఇంతకు ముందు చెప్పేవాణ్ని. అది కూడా సవరించుకోవాలి. మన దగ్గర శ్రావణం నించి కార్తీకం దాకా ఉప్పు జాడీలో నీరు ఊరుతుంది, అప్పడాలు మెత్తబడతాయి. ఆ తేమలో, చెక్క సొరుగులో పెట్టిన మూడు డబ్బాల గుళ్ల మీద ఏడాది తిరక్కుండా తెల్లటి బూడిద పట్టింది. చెక్క నించి వచ్చే పులుపు ఆవిరి సీసాన్ని తింటుందట. మ్యూజియంల వాళ్లు సీసపు వస్తువుల్ని చెక్క బీరువాల్లో పెట్టరని ఆ తర్వాత తెలిసింది. ఆ బూడిద విషం. ఊదకండి, గుడ్డతో తుడిచి వాడుకుందామని చూడకండి. నేను మూడూ పారేశాను. ఇప్పుడు గట్టి మూత ఉన్న స్టీలు క్యారేజీలో, వేయించిన బియ్యం మూట వేసి పెడుతున్నాం. బియ్యం నెలకోసారి మారుస్తుంది మా ఆవిడ, వాడినవి మట్టిలో పాతేస్తుంది, కోళ్లకి వేయదు. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఇంట్లోకి రానివ్వదు. గుళ్లు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటీ తీసి పెట్టే అలవాటు మా ఊరి కుర్రాళ్లకుంది, దయచేసి మాన్పించండి.

తేమకి మందని కుట్టుమిషను నూనె రాసి చూశాను ఒకసారి. స్ప్రింగు తుపాకీలో గాలి ఒక్కసారిగా నొక్కుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి నూనె అంటుకుంది. పటాసులా చప్పుడు, గొట్టంలోంచి పొగ. రెండు డజన్లు అలా కాల్చేసరికి పిస్టను వాషరు మాడి, మార్పించాల్సి వచ్చింది. పొడిగా వాడడమే మేలు.

ప్లాస్టిక్ పొట్లంలో వచ్చే దేశవాళీ గుళ్ల గురించి నేను గతంలో చులకనగా మాట్లాడాను. పావడాలు నలిగి వస్తాయి, నిజమే, నూటికి పదిహేను ఏరి పారెయ్యాలి. కాని ఏరిన తర్వాత మిగిలినవి మా గొట్టంలో 4.49 విదేశీ గుళ్ల కంటే దగ్గరగా పడ్డాయి. నిలబడి కాల్చే రోజువారీ సాధనకి ఇప్పుడు అవే వాడుతోంది అమ్మాయి.

మరి ఈ కంపెనీ గుళ్లు కొనచ్చా అంటే, మా తుపాకీకి, మా షెడ్డులో, పది మీటర్లకి, 4.51 దొరికితే కళ్లు మూసుకుని కొంటాను. మీ గొట్టానికి 4.49 సరిగ్గా సరిపోవచ్చు, మాకు పనికిరాని ఆ ఏడు డబ్బాల్లో రెండు రావులపాలెంలో ఒక మిత్రుడికిస్తే అతనికి బాగా పడుతున్నాయి. కంప్రెస్డ్ గాలి మ్యాచ్ రైఫిళ్లున్నవాళ్ల లెక్క వేరు, ఆ ఖర్చు నేను పెట్టలేను కాబట్టి దాని గురించి చెప్పలేను. ఎవరైనా సరే, మొదట ఒక్కొక్క డబ్బా తెప్పించుకోండి. గుండు పెట్టేటప్పుడు వేలికి ఎలా తగులుతోందో గమనించండి. పిల్లలు కాలుస్తుంటే వాళ్లనడగండి.

మాకు కుదిరిన 4.51 లాట్‌లో మా దగ్గర ఇంకా రెండు డబ్బాలు మిగిలాయి. మూతల మీద అమ్మాయి పెన్సిలుతో కొలత, లాట్ నంబరు, మూత తీసిన తేదీ రాసుకుంది. రెండో డబ్బా సగానికి రాగానే కొత్త లాట్ తెప్పించి చూద్దామని మొన్న తనే చెప్పింది. ఈసారి ఆర్డరు తనే పెడుతుందట.