తిలక్ రోడ్డు లాప్‌టాప్ రిపేరు షాపు: ఫార్మాట్ చేయకుండానే లోపం పట్టుకున్నారు

అప్‌డేట్ తర్వాత తెరుచుకోని లాప్‌టాప్‌ను రిపేరుకు తీసుకెళ్తే చాలా చోట్ల మొదట వినిపించేది "ఫార్మాట్ కొట్టాలి" అన్న మాటే. ఆ మాట అనే ముందు లోపం ఎక్కడుందో వెతికే షాపు ఒకటి తిరుపతి తిలక్ రోడ్డుకు ఆనుకొని ఉన్న సందులో ఉంది. రెండు బల్లలు మాత్రమే పట్టే చిన్న గది అది. అయినా అక్కడ పని చేసిన తీరు నలుగురికీ తెలియాలన్న ఉద్దేశంతో ఈ వివరాలు రాస్తున్నాను.

పీజీ చదువుతున్న మా అమ్మాయి లాప్‌టాప్‌లో ఒక రాత్రి విండోస్ అప్‌డేట్‌తో పాటు బయోస్ (విండోస్ కంటే ముందు లేచి యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాం) అప్‌డేట్ కూడా ఎక్కింది. తెల్లవారి ఆన్ చేస్తే కంపెనీ లోగో కనిపించడం, నీలం తెర రావడం, తనంతట తానే రీస్టార్ట్ కావడం తప్ప ముందుకు కదలలేదు. ప్రాజెక్టు రిపోర్టు మొత్తం అందులోనే ఉంది. మొదట చూపించిన మరో షాపులో తెర వంక సరిగా చూడకుండానే ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు, విండోస్ ఉండే డిస్కు) పోయిందని, కొత్తది వేసి విండోస్ ఎక్కించాలని, పాత ఫైళ్ల మీద ఆశ వదులుకోవాలని తేల్చేశారు.

తిలక్ రోడ్డు షాపులోని యువకుడు మాత్రం ముందుగా నీలం తెర మీదున్న స్టాప్ కోడ్‌ను (విండోస్ ఎందుకు ఆగిందో తెలిపే పేరును) జాబ్ కార్డు మీద రాసుకున్నాడు. అది 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్'. అంటే విండోస్ మొదలయ్యే దశలో, తాను ఉన్న డిస్కునే చదవలేకపోతోందన్నమాట. డిస్కు చెడిపోయినా ఆ కోడ్ రావచ్చు, డిస్కును నడిపే డ్రైవరు అనే సాఫ్ట్‌వేర్ దగ్గర తేడా వచ్చినా రావచ్చు. అందుకే అతను బయోస్ తెరిచి, ఎస్‌ఎస్‌డీ పేరు, సామర్థ్యం సరిగ్గానే కనిపిస్తున్నాయని చూపించి, "డిస్కు బాగానే ఉన్నట్టుంది మేడం, ముందు ఫైళ్లు బయటికి తీద్దాం" అన్నాడు.

స్టార్టప్ వరుసగా విఫలమైతే విండోస్ తనంతట తానే చూపించే రికవరీ తెరలోకి వెళ్లాక, డిస్కు తెరవడానికి 48 అంకెల బిట్‌లాకర్ కీ (డిస్కుకు విండోస్ వేసే తాళాన్ని తీసే సంఖ్య) అడిగింది. ఇప్పుడు వస్తున్న చాలా లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే ఆ తాళం, అంటే డిస్కు ఎన్‌క్రిప్షన్, ఆన్ అయి, కీ ఆ ఖాతాలోనే భద్రంగా ఉంటుంది. "ఖాతా మీ ఫోన్‌లోనే తెరవండి, పాస్‌వర్డు నాకు చెప్పొద్దు" అని అతను తల పక్కకు తిప్పుకొన్న తీరు నాకు ఎంతో నచ్చింది. తర్వాత రికవరీ తెరలోనే ఉండే, ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి, దానిలోని ఓపెన్ విండో నుంచే మా అమ్మాయి ఫోల్డర్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాడు. విండోస్ తెరుచుకోకపోయినా ఫైళ్లను ఇలా కాపాడుకోవచ్చని అక్కడే తెలిసింది.

విండోస్‌కు చివరగా వచ్చిన క్వాలిటీ అప్‌డేట్‌ను (లోపాలు సరిదిద్దే అప్‌డేట్‌ను) తొలగించినా ఫలితం లేకపోయింది. అప్పుడు మళ్లీ బయోస్‌లోకి వెళ్లి స్టోరేజీ సెట్టింగులు చూస్తే, బయోస్ అప్‌డేట్ వాటిని మొదటి స్థితికి మార్చేసిందని, ఇంటెల్ వీఎండీ (విండోస్ ఏ డ్రైవరుతో డిస్కును చదవాలో దీన్ని బట్టే ఉంటుంది) ఆఫ్ అయిందని బయటపడింది. దాన్ని తిరిగి ఆన్ చేయగానే విండోస్ మామూలుగా తెరుచుకుంది. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఆ మారిన సెట్టింగు మీదే ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా ఎక్కించినా లాప్‌టాప్ నడిచేది. అసలు కారణం ఎవరికీ తెలిసేది కాదు, రిపోర్టు మాత్రం పోయేది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు ఇలాగే నీలం తెర దగ్గర ఆగిపోయినప్పుడు కూడా, సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైన భాగాలతో మాత్రమే విండోస్ తెరుచుకునే పద్ధతిలోకి) వెళ్లి లోపమున్న ఫైలు తీసేస్తే సరిపోయింది. అప్‌డేట్ తర్వాత వచ్చిన ప్రతి క్రాష్‌నూ డిస్కు మీదికి నెట్టే షాపుల వాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఈ షాపులో లోటుపాట్లు లేకపోలేదు. ఏ పనికి ఎంత తీసుకుంటారో తెలిపే బోర్డు లేదు. నా దగ్గర తీసుకున్న 600 రూపాయలు న్యాయమే అయినా, ఆ మాట పని మొదలుపెట్టక ముందే చెప్పి ఉండవలసింది. రసీదు మీద 'సాఫ్ట్‌వేర్ సర్వీస్' అని మాత్రమే రాశారు. బయోస్‌లో ఏది మార్చారో కూడా రాసివ్వమని అడిగాక, వెనుక వైపు రాసిచ్చారు. మళ్లీ బయోస్ అప్‌డేట్ వచ్చినప్పుడు పనికొచ్చేది ఆ ఒక్క వాక్యమే కనుక, అడగకుండానే ప్రతి కస్టమరుకూ అలా రాసివ్వాలని యజమానిని కోరుతున్నాను. సాయంత్రం కాలేజీ పిల్లలతో ఆ గది నిండిపోతుంది, కాబట్టి ఉదయం పూట వెళ్లడం మేలు. చార్జరు, ఖాళీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ ఖాతా తెరవగలిగే ఫోను వెంట ఉంటే పని అక్కడికక్కడే మొదలవుతుంది.